అసిరమ్మ హోటల్లో ఇస్పేటు బల్ల

ఫిషింగ్ హార్బర్‌లో అసిరమ్మ టీ హోటల్ తెలియనివాళ్లు లేరు. ఆమె నోరు అంతకంటే ప్రసిద్ధం. అరువు అడిగినవాడికైనా టీ పోసేది గానీ, పేకముక్క బయటికి తీసినవాడికి మంచినీళ్లు కూడా ఇచ్చేది కాదు. దానికి కారణం ఆమె మొగుడే. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే గంగరాజు బంగారంలాంటి మనిషి, చేతిలో పేక లేనంతసేపూ. బోటులో ఉన్న కాస్త వాటా మూడుముక్కలాటలో ఊడ్చిపెట్టాక, ఇంకోసారి పేక కనబడితే సబ్బవరంలో పుట్టింటికి వెళ్లిపోతానని ఆమె తెగేసి చెప్పింది. అతను ఆమె తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు, పాపం నిలబెట్టుకున్నాడు కూడా.

1981లో ఒక ఉదయం గంగరాజు రిక్షాలో ఒక పొట్టి బల్ల తెచ్చాడు. ఓడల పాతసామాను దుకాణంలో దొరికిందట. పైన మందపాటి అద్దం ఉంది, తుడిస్తే చేపల నీచు ఇట్టే పోతుందని అతని మురిపెం. అసిరమ్మ కూడా మురిసిపోయి తడిగుడ్డతో మసి తుడిచింది. అద్దం కింద ఇస్పేటు ఆసు, ఆటీను రాణి, పాచికల బొమ్మలు బయటపడ్డాయి.

ఆమె ముఖం మాడిపోయింది. మసిలో తనకూ కనబడలేదని గంగరాజు మొత్తుకున్నాడు. నమ్మాలని ఆమెకు ఎంతో ఉంది, మనసే ఒప్పుకోలేదు. ట్రంకుపెట్టె సర్ది నెత్తికెత్తుకుంది.

టీకి వచ్చిన పోర్టు ఎలక్ట్రీషియన్ సన్యాసిరాజు బల్ల వెనక తీగ చూసి, ఇది బల్ల కాదు, ఆట మిషను అని తేల్చాడు. పరాయి దేశపు కరెంటుకి చేసిందని ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి తగిలించాడు. దీపాలు వెలిగాయి, గంటలు మోగాయి. మీట నొక్కగానే ఇనప గోలీ ఒకటి ఆ బొమ్మల మధ్య గంతులేసింది.

అసిరమ్మ పెట్టె దింపకుండానే సన్యాసిరాజుని అడిగింది.

"గెలిస్తే ఏటొస్తాది?"

"ఇంకోపాలి ఆడుకోవొచ్చు."

"ఓడిపోతే ఏటి పోతాది?"

"ఏటీ పోదమ్మా."

అదెక్కడి ఆట అనుకుంటూ పెట్టె దింపి తనే కూర్చుంది. గోలీ గంటని కొట్టినప్పుడల్లా పకపకా నవ్వింది. తరవాత మొగుణ్ని కూర్చోబెట్టింది. అతని గోలీ చూస్తుండగానే కింది కంతలోకి జారిపోయింది, ఆట పోయింది. పాత అలవాటుకొద్దీ చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. ఆమె ఆ చేతివంకే చూసింది. కానీ డబ్బు ఇమ్మని అడిగేవాడు ఎవడూ లేడు, ఆ చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. అసిరమ్మకు ఆనందం ఆగలేదు.

"ఓడిపోనావు కదా మావా, ఎల్లి గళాసులు కడుగు."

ఆ హోటల్లో అదే పందెం అయిపోయింది. చేపల వేలం ముగిశాక బోట్లు నడిపే సరంగులంతా వచ్చి ఆడేవారు, మీసాలు మెలేసుకుంటూనే గ్లాసులు తోమేవారు. గంగరాజు మాత్రం రోజూ ఓడేవాడు. ఏళ్లు గడిచాక ఒక సాయంత్రం పొరపాటున అసిరమ్మ మీదే గెలిచాడు. జనం ఈలలు వేశారు. అసిరమ్మ కుచ్చిళ్లు దోపుకుని తొట్టి దగ్గరికి వెళ్లేసరికి, అతను అప్పటికే పీట వేసుకుని గ్లాసులు కడుగుతున్నాడు.

గెలిచినోడికి ఈ పనేమిటని ఆమె దబాయించింది.

"నాను ఆ రోజే గెలిసేనే అసిరీ," అన్నాడు గంగరాజు తలెత్తకుండా, "నువ్వు పుట్టింటికి ఎల్లలేదు కదా."

ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే అసిరమ్మ ఈసారి పక్కనే ఇంకో పీట వేసుకుని, అతను కడిగిన గ్లాసులు తుడిచి బోర్లించింది.