విమానంలో అయితే ఒక పూటే

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా ఇంట్లో, మగ్గం పక్కన చాప మీద కూచోని నంజప్ప ఒక మాట చెప్పినాడు. ఇన్నేండ్లయినా తల్చుకుంటే ఒళ్లు మండుతాది నాకు.

నంజప్పది హిందూపురం. మా చీరలు కొని బెంగళూర్లో అమ్మేటోడు. పనిలో పనిగా పెండ్లి సంబంధాలూ తెచ్చేటోడు. మా అక్కకు తెచ్చిన పిల్లోడు ఢిల్లీలో గుమాస్తా.

మా అవ్వది ఒకటే పట్టు. పొద్దున బయల్దేరితే మాపటికి పుట్టింటికి చేరే ఊరికే ఆడపిల్లను ఇయ్యాల. మా అత్తనూ అట్లే పెనుకొండకు ఇచ్చినారు.

"యాడప్పా ఆ ఢిల్లీ? ఎంతసేపు పోవాల?" అని అడిగింది అవ్వ.

ఆయప్ప వక్కాకు నములుతా, "ఎంతసేపు పెద్దమ్మా... బెంగళూర్లో పొద్దున విమానం ఎక్కితే మాపటికి ఆడుంటారు. ఎద్దులబండ్లో తలుపుల ఊరికి పోయేదానికంటే బిరీన" అన్నాడు.

ఆయప్ప విమానం ఎక్కిన పాపాన పోలేదు. బెంగళూర్లో తలెత్తి చూసినాడంతే. కానీ చెప్పింది అబద్ధం కూడా కాదు... అదే నాకు ఇంకా అసయ్యం.

అవ్వ సరేనంది. టికెట్టు ఎవురు కొంటారని నాయన కూడా అడగల్యా. వీధిలో ఆడోళ్లు మా అక్కను విమానం పెండ్లికూతురని ఎగతాళి పట్టిస్తాంటే అమ్మ మురిసిపోయేది. పెండ్లయినాక అక్క ట్రంకుపెట్టె పట్టుకోని రైలెక్కి పోయింది. గుంతకల్లులో మారి, ఇంకా యాడాడో మారి...

తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. అమ్మ పాత చీరలు చించి పొత్తిగుడ్డలు చేసింది. బాలింతకు పెట్టే కాయం దంచి జాడీలో పెట్టింది. నులకమంచం బిగించుకుంది. నాయన పిల్చుకొచ్చేకి ఢిల్లీ పోయినాడు.

ఒక్కడే తిరిగొచ్చినాడు. అక్కకు కాళ్లు వాచినాయంట, అన్ని దినాలు రైలు కుదుపు తట్టుకోలేదని అత్తగారు పంపలేదంట. విమానంలో పంపప్పా అని నాయన అంటే అల్లుడు నవ్వినాడంట. "విమానమా మామా? మా పెద్ద ఆఫీసరే ఎక్కల్యా."

అమ్మ తానే పోతానని మూట కట్టుకుంది. రైలెక్కకముందే టెలిగ్రాం వచ్చింది. మగపిల్లోడు. కట్టిన మూట విప్పేసింది అమ్మ.

తర్వాత వారం నంజప్ప చీరల కోసం వచ్చినాడు. సిగ్గూ శరమూ లేకుండా, "మనవడంట కదమ్మా, లడ్లు యాడ?" అన్నాడు.

"విమానంలో వస్తాండాయిలేప్పా, కూచో" అంది అమ్మ.

నవ్వినాడు. నవ్వి, మా వాకిట్లోనే వక్కాకు ఉమ్మి, నిజంగానే కూచున్నాడు. థూ... అదేం పుట్టుకో.

అక్క వచ్చేసరికి పిల్లోడు నడుస్తాండాడు. అమ్మ చేతులు చాపితే అక్క కుచ్చెళ్ల చాటుకు పోయి, హిందీలో ఏందో అడిగినాడు.

"ఏమంటాండాడే?" అంది అమ్మ.

"నువ్వెవరని అడుగుతాండాడమ్మా" అని అక్క తల దించుకుంది. అమ్మ చాపిన చేతులు కొంగుకు తుడుచుకుని వంటింట్లోకి పోయింది.

ఇప్పుడు మా వీధి పిల్లలు నిజంగానే పూటలో ఢిల్లీ పోతాండారు. సంబంధాలు చెప్పేటోళ్లు ఇప్పుడూ దూరాన్ని గంటల్లోనే చెప్తాండారు... వినేకే రోత నాకు.

కష్టమొస్తే పిల్లను ఎవురు తోడుకొస్తారు, ఎట్ల తోడుకొస్తారు అని మీ ఇండ్లలో ఎవురైనా అడిగినారా? అడిగింటే చెప్పండి, వింటాను...

మా ఇంట్లో ఎవురూ అడగల్యా.