చిప్పలో కొట్టని గుడ్డు

కుళ్లిన గుడ్డు పేరు చెబితే ఇప్పటికీ నాకు ఆ పడవ ప్రయాణమే గుర్తొస్తుంది.

నిడదవోలు వెళ్లే పడవ ఆ సాయంత్రం కాలవ లాకు తలుపులు మూసి ఉండడంతో ఆగిపోయింది. నా పక్కన కూర్చుని వచ్చిన ఒకావిడ కాలవ గట్టున మూడు రాళ్లు పెట్టి, మూకుట్లో ఉల్లిపాయలు వేయించింది. పొద్దుటినుంచి ఏమీ తినని ఆవిడ పిల్లలు ముగ్గురూ చుట్టూ చేరారు. ఉన్న మూడు గుడ్లనీ ఒక్కొక్కటే కొబ్బరి చిప్పలో కొట్టి, వాసన చూసి మరీ మూకుట్లో పోసింది. పని తెలిసిన మనిషే అనుకున్నాను.

"ఇదీ వెయ్యమ్మా," అని నా మూటలోంచి ఒక గుడ్డు ఇచ్చాను. పెట్ట పొదగకుండా వదిలేసినది, పారెయ్యడానికి చేతులు రాక దాచుకున్నది, దాన్నే ఏరి ఇచ్చాను.

ఆవిడ తిన్నగా మూకుడు మీదికి ఎత్తింది.

"చిప్పలో కొట్టవేం?" అన్నాను.

"అయ్యో మామ్మగారూ, పెద్దవారు మీరిచ్చింది వాసన చూస్తానాండీ?" అని నవ్వి, కొట్టేసింది.

నల్లటి నీరు మూకుట్లో గుడ్ల పొరటంతా పాకింది. పడవవాళ్లు ముక్కులు మూసుకుని దూరం జరిగారు.

"ఛీ, ఏంటమ్మా ఇది!" అని చిన్నపిల్ల ఏడుపు లంకించుకుంది.

ఆవిడ మూకుడు కాలవలో బోర్లించింది. "ఊరుకో. మామ్మగారు మంచి మనసుతోనే ఇచ్చారు," అంది.

నా మీద నాకే రోత పుట్టింది. మంచి గుడ్లు ఇంకా మూటలో ఉన్నాయి. ఇప్పుడు తీస్తే, తెలిసే పాతది ఇచ్చానని బయటపడుతుంది. మూట ఒళ్లోకి లాక్కున్నాను. ఆ పిల్లలు కాలవ నీళ్లు తాగి పడుకున్నారు.