టీచరమ్మ చూచిరాత

ఆవిడ ఇరవై రెండేళ్లుగా లెక్కల టీచరు. నోటుబుక్కులు దిద్దుతూ అన్నేళ్లలో ఎక్కువసార్లు అన్న మాట ఒక్కటే: "ఇది రాతా, కోడి కెలికిందా?" బోర్డు మీద ఆవిడ అంకెలు మాత్రం ముత్యాలు పేర్చినట్టుండేవి. ఆ గర్వమూ కాస్త ఉండేది.

ఒక వానరోజు బడి వరండాలో కాలు జారి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు విప్పకూడదన్నాడు డాక్టరు. సెలవు పెట్టమని భర్త పోరుపెట్టాడు.

"భిన్నాలు సగంలో ఆగాయండీ."

"నీ చెయ్యీ సగంలోనే ఉంది."

అయినా నాలుగో రోజుకే బడికి వచ్చేసింది. ఏడో తరగతిలో ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకుని ఒక భిన్నం రాసింది. మధ్య గీత కొండెక్కింది. కింది నాలుగు బోర్లాపడ్డ కుర్చీలా వచ్చింది. పై అంకెను మోచేయి తుడిచేసింది. వెనక్కి తిరిగితే నలభై ముఖాలు నవ్వాపుకోలేక ఎర్రబడి ఉన్నాయి. ప్రతిదానికీ వాదిస్తాడని అందరూ వకీలని పిలిచే కుర్రాడు చెయ్యెత్తాడు.

"ఏమనుకోకండి టీచర్, అది రాతా, లేకపోతే..."

"కోడే కెలికిందిలేరా!"

క్లాసంతా గొల్లుమంది. ఆవిడకీ నవ్వాగలేదు.

అప్పుడు మూడో వరసలోంచి పుర్రచేతి వాటం పిల్ల ఒకతి లేచింది. పిలిస్తే తప్ప పలకని పిల్ల. నేరుగా బోర్డు దగ్గరికి వచ్చి టీచరు మోచెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"చెయ్యి రాతకి కిందుండాలి టీచర్. లేకపోతే రాసిందంతా మీరే తుడిచేస్తారు."

ఈసారి గీత తిన్నగా వచ్చింది. అంతటితో వకీలు ఊరుకుంటేనా? "మరి చూచిరాత ఇవ్వాలి కదా టీచర్, మాకిచ్చినట్టు!" రోజుకో పేజీ అని క్లాసు తీర్పిచ్చింది. దిద్దే పని ఆ పిల్లకి అప్పజెప్పారు. మొదటి పేజీ కింద ఎర్రసిరాతో రాసింది: 'ఐదుకి పొట్ట లేదు. తొమ్మిదికి ఎక్కువైంది.'

ఒకరోజు టీచరు పేజీ తేలేదు.

"ఎందుకు రాయలేదు టీచర్?"

"ఇంటికి చుట్టాలొచ్చారే..."

"మేం చెబితే నమ్మరుగా!" అని వెనక బెంచీలు అరిచాయి. శిక్ష రెండు పేజీలు. ఆ సాయంత్రం నాలుక బయటపెట్టి సున్నాలు చుడుతున్న భార్యను చూసి భర్త, "నీ పాపం పండిందే," అని పడిపడి నవ్వాడు.

రెండో పేజీ సగంలో భుజం పీకింది. అప్పుడు ఆవిడకొక సంగతి గుర్తొచ్చింది. మర్నాడు ఆ పిల్లని పక్కకి పిలిచింది.

"కిందటేడు నిన్ను కుడిచేత్తో రాయమన్నాను కదూ?"

"అన్నారు టీచర్. పదిరోజులు రాశాను. బాగా నొప్పెట్టింది."

"మరి నాతో చెప్పలేదేం?"

"మీకు ఎడమచెయ్యి సంగతి తెలీదు కదా అనుకున్నాను."

కోపంగా అనలేదు ఆ పిల్ల, మామూలుగా అంది. టీచరు ఆ రోజే ఆ పిల్లని బెంచీ ఎడమ చివరికి మార్చింది. అక్కడైతే పక్కవాళ్ల మోచెయ్యి తగలదు. ఇంత చిన్న పని ఇన్నాళ్లూ ఎందుకు తోచలేదా అనుకుంది.

కట్టు విప్పిన సాయంత్రం టీచరు ఆ పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ముందుగదిలోనే వాళ్లమ్మ ఇస్త్రీ దుకాణం. టీచర్ని చూడగానే ఆమె పెట్టె పక్కనపెట్టి గాభరాగా లేచింది.

"ఏం చేసిందండీ మా పిల్ల?"

"నాకు రాయడం నేర్పిందమ్మా. ఆ మాట మీతో చెప్పి వెళ్దామని వచ్చాను."

తల్లికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. బట్టల మూటల వెనక నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. టీచరు స్టూలు లాక్కుని కూర్చుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.