చిన్నరాయప్ప కెమెరా సంచి

ఆగిరిపల్లి తోటల్లో చిన్నరాయప్ప గంప కట్టాడంటే లోపలి మామిడికాయ ఎంత దూరం పోయినా నలగదని పేరు. పాతికేళ్లుగా అదే పని. ఆ పేరే చివరికి ఆయన కొంప ముంచింది.

బడిపంతులు రత్నబాబు బదిలీ అయి వెళ్తూ అమ్మిన మడత కెమెరా ఒకటి ఆయన దగ్గరుంది. ఫిబ్రవరిలో చాట్రాయిలో చెల్లెలు అచ్చమ్మ కూతురు భాగ్యవతి పెళ్లికి దాన్ని తీసుకెళ్లాల్సి వచ్చింది. ఇంకేముంది, మన చిన్నరాయప్ప చేతులు ఊరుకుంటాయా? మామిడికాయలకు చేసినట్టే గంపలో అడుగున, పక్కలా, పైనా వరిగడ్డి దట్టించి, మధ్యలో కెమెరా పెట్టి, తాడు బిగించి సైకిలు వెనక కట్టాడు. కెమెరాకు గీత కూడా పడలేదు. గడ్డి నుసి మాత్రం దాని తోలు మడతల్లోకంతా దూరింది. ఫొటోలు కడిగించి చూస్తే, తెల్లచీర కట్టిన పెళ్లికూతురి మొహం నిండా నల్లచుక్కలే, ఆటలమ్మ పోసినట్టు. భాగ్యవతి వెక్కి వెక్కి ఏడ్చింది. అచ్చమ్మ ఆ రోజునుంచీ అన్నతో మాట మానేసింది.

ఇప్పుడు మే నెల. భాగ్యవతి మొగుడికి ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే ఇద్దరూ బయల్దేరతారు, మళ్లీ ఎన్నేళ్లకు వస్తారో ఏమో. "మామయ్యా, పెళ్లిచీర కట్టుకుని కూర్చుంటా. శనివారం వచ్చి ఇంకోటి తియ్యవూ?" అని పిల్ల కబురు పెట్టింది. అది విన్నప్పటినుంచీ చిన్నరాయప్పకు కాలు నిలవలేదు. కెమెరా శుభ్రం చేయించాడు. ఇక కావాల్సింది మంచి సంచి. దుమ్ము దూరకూడదు, చాట్రాయి రాళ్లరోడ్డు మీద కుదుపు తగలకూడదు.

శుక్రవారం పొద్దున్నే నూజివీడు బజారులో జగన్మోహనరావు కొట్టు ముందు సైకిలు దిగాడు.

"కెమెరా సంచి కావాలండీ."

జగన్మోహనరావు ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "ఎవరు పంపారయ్యా?"

"ఎవరూ పంపలేదండీ. కెమెరా నాదే."

మెరిసే తోలుసంచి ఒకటి బల్ల మీదికొచ్చింది. దాని ఇత్తడి గొళ్లెం చూడగానే చిన్నరాయప్ప మనసు పారేసుకున్నాడు. అది భుజాన వేసుకుని చాట్రాయి వీధిలో దిగితే ఎలా ఉంటుందో ఊహించుకుని మురిసిపోయాడు కూడా. మూలన ఇంకోటి ఉంది, యుద్ధం అయ్యాక మిలటరీవాళ్లు వేలం వేసిన ఖాకీ గుడ్డసంచి. దానికి అందమూ లేదు, చందమూ లేదు. ఎందుకైనా మంచిదని దాన్నీ దించమన్నాడు. తర్వాత తన చేతిసంచిలోంచి బాగా మాగిన చిన్నరసాలు రెండు తీసి, చెరో తెల్లగుడ్డలో చుట్టి, చెరో సంచిలో పెట్టాడు.

"ఇదేంటయ్యా?" అన్నాడు జగన్మోహనరావు.

"పరీక్షండీ. మీ కళ్లముందే తొక్కుతాను."

రెండు సంచులూ చెరో భుజాన తగిలించుకుని, కొట్టు ముందు గతుకుల్లో సైకిలు తొక్కడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, పది చుట్లు, ఇరవై చుట్లు. బజారంతా పని మానుకుని నిలబడింది. కొందరు తోలుసంచి పక్షం, కొందరు ఖాకీ పక్షం. జగన్మోహనరావు బేరం సంగతి మరిచిపోయి "ఆ గుంటలోంచి కూడా పోనివ్వు" అని కేకేశాడు.

చెమటలు కక్కుతూ దిగి తోలుసంచి తెరిచాడు. పండు లోపల దొర్లి దొర్లి పగిలింది, గుడ్డంతా ఎర్రదుమ్ము. ఖాకీ సంచి ఒంటికి అంటుకుని ఉంది కాబట్టి అందులో పండు కదల్లేదు. రెండు మడతల మూత కింద గుడ్డ మల్లెపూవులా ఉంది. మనసింకా ఇత్తడి గొళ్లెం మీదే పీకుతోంది గానీ, పండుతో వాదించేదేముంది? ఖాకీ సంచే కొన్నాడు. ఆ సాయంత్రం భార్య ఇన్నమ్మ దానికి లోపల కంబళి ముక్క కుట్టింది.

శనివారం చాట్రాయిలో అచ్చమ్మ ఇంటి ముందు సంచి విప్పాడు. కెమెరా తెరిచి మడతమడతా చూశాడు. నలక లేదు. తెల్లచీరలో భాగ్యవతి ముక్కాలిపీట మీద కూర్చుంది. అచ్చమ్మ గుమ్మంలో మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది.

"అయిపోయిందమ్మా, ఇక లే" అన్నాడు చిన్నరాయప్ప.

ఫొటో ఎలా వస్తుందో ఇంకా ఎవరికీ తెలియదు. అచ్చమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, గుమ్మం దిగి వచ్చి, కూతురి పక్కన కూర్చుంది.

"ఇంకోటి తియ్యి అన్నయ్యా" అంది.