పళ్ళ సెట్ల మావయ్యగారు

మావయ్యగారు పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను రెండో జత సాక్సులు వేసుకుంటున్నాను. ఇక్కడ కాళ్ళకి రెండు జతలు లేకుండా బయట అడుగు పెట్టలేం. "నిద్దట్లోనే పోయేరే, ఏ బాధా పడలేదు" అంది అమ్మ. ఒక కాలికి రెండు సాక్సులు, ఇంకో కాలికి ఒకటి వేసుకుని అలాగే మంచం మీద కూర్చుండిపోయాను. కజకిస్తాన్‌లో మంచు కురిసే ఈ ఊరికి నేను పళ్ళ డాక్టరు చదువు కోసం వచ్చాక ఇది రెండో చలికాలం. మొదటి చలికాలంలోనే పెట్టె సర్దుకుని వెళ్ళిపోవలసినదాన్ని. వెళ్ళకుండా ఆపింది ఆయనే. ఆ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నానా అని ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. అమలాపురంలో మా పక్క వాటాలో ఉండేవారు. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అనేది కాబట్టి నాకు మావయ్యగారయ్యారు. ఊళ్ళో డాక్టర్లు కొలతలు తీసి పంపితే కట్టుడు పళ్ళు తయారుచేసేవారు. మా వైపు వాటిని పళ్ళ సెట్లంటారు. ముందు గదిలో కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద ప్లాస్టర్ దవడలు, మైనం, స్పిరిట్ దీపం. చిన్నప్పుడు ఆ దవడలు చూసి జడుసుకునేదాన్నట. ఎవరైనా పొరపాటున ఆయన్ని డాక్టరుగారూ అంటే ఊరుకునేవారు కాదు. "పన్ను తీసేది డాక్టరుగారండి. పెట్టేది నేనండి" అనేవారు. రెండో మాట అనేటప్పుడు కొంచెం గర్వం ఉండేది, దాన్ని దాచుకునేవారు కూడా కాదు.

సెట్టు కుదిరిందో లేదో చూడ్డానికి ఆయనకో పద్ధతి ఉండేది. అందరూ ముందు అద్దం అడుగుతారు. ఆయన ఇచ్చేవారు కాదు. ఇంట్లో రోజూ ఎవర్ని ఎక్కువ పిలుస్తారో ఆ పేరు గట్టిగా పిలవమనేవారు. ఆ పేరు గాలి పోకుండా, ఈల వెయ్యకుండా పలికితేనే అద్దం. లేకపోతే సెట్టు మళ్ళీ బల్ల మీదికే. ఒకసారి కాట్రేనికోన నుంచి ఒక పెద్దాయన భార్యతో వచ్చాడు. ఆయన రోజంతా పిలిచేది ఆవిడనే, కానీ ఎప్పుడూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. 'ఏమే' అంటూనే కాపురమంతా గడిచిపోయింది. "ఏమే అనడానికి పళ్ళెందుకండి, పెదాలు చాలు. పేరు కావాలి" అని మావయ్యగారు పట్టుబట్టారు. పెద్దాయన గోడకేసి చూస్తూ, చాలాసేపటికి "సత్యవతీ" అన్నాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఇన్నాళ్ళకి నా పేరు తెలిసిందన్నమాట అంది. మావయ్యగారు అప్పుడు అద్దం ఆయనకి కాకుండా ఆవిడకి ఇచ్చారు.

నేను స్కూలు నుంచి వచ్చి ఆ బల్ల దగ్గరే కూర్చునేదాన్ని. ముందు సబ్బు బిళ్ళ మీద పన్ను చెక్కడం నేర్పారు. స్నానానికి వెళ్తే చేతిలో సబ్బు బదులు దవడ పన్ను ఉంటోందని అమ్మ గోల పెట్టేది. తరవాత మైనం ఇచ్చారు. కొత్త పళ్ళు డబ్బాలో మెరుస్తూ వచ్చేవి. ఆయన వాటిని సన్నటి గరుకు కాగితం మీద రుద్ది అంచులు కొంచెం అరగదీసి పెట్టేవారు. ఎందుకండీ మంచి పళ్ళని పాడు చేస్తున్నారని అడిగాను. "డెబ్భై ఏళ్ళ మొహంలో ఇరవై ఏళ్ళ పళ్ళు పెడితే, నవ్వుతున్నది ఇంకెవరో అనిపిస్తుందమ్మా" అన్నారు. ఆ అరగదీసే అలవాటు నాకు ఎంత బాగా పట్టుకుందంటే, కొంప ముంచేటంతగా.

నేను ఇక్కడికి బయలుదేరిన రోజు ఆయన తన మైనం చాకు తువ్వాలులో చుట్టి ఇచ్చారు. కువైట్‌లో పని చేస్తున్న నాన్న ఫోన్లో, ఇంట్లో ఒకళ్ళం ఎండకి ఒకళ్ళం మంచుకి అని నవ్వారు. వచ్చిన కొత్తలో నాకు నవ్వొచ్చే సంగతులేమీ కనపడలేదు. ఊపిరి పీలిస్తే ముక్కులో గడ్డ కట్టేది. అమ్మ ఇచ్చిన కొబ్బరి నూనె సీసా కిటికీ దగ్గర పెడితే తెల్లారేసరికి రాయైపోయింది. తల వంచుకుని, జారకుండా అడుగులు చూసుకుంటూ కాలేజీకి వెళ్ళడం, అలాగే రావడం. ఎదుటి మనిషి మొహం చూసిన గుర్తే లేదు.

మైనం మీద పై ముందు పన్ను చెక్కే పరీక్ష వచ్చింది. మిగతావాళ్ళు చాకు పట్టుకోవడానికే తంటాలు పడుతుంటే నేను అందరికంటే ముందు ముగించేశాను. మా టీచరమ్మ దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి, ఇది ఎవరి పన్ను అని అడిగారు. నాకు అర్థం కాలేదు. చెక్కవలసింది అప్పుడే వచ్చిన, అరగని పన్ను, నువ్వు చెక్కింది డెబ్భై ఏళ్ళ పన్ను అన్నారు. సున్నా వేశారు. రెండు వారాల్లో మళ్ళీ పరీక్ష, అదీ పోతే ఏడాదంతా మళ్ళీ చదవాలి. నాకు బాగా వచ్చిన ఒకే ఒక్క పని అది. అదే తప్పని తేలాక ఇంక ఇక్కడ నేనెందుకు అనిపించింది.

వచ్చేస్తున్నానని ముందు అమ్మకి కాదు, మావయ్యగారికి ఫోన్ చేసి చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. ఆయన ముందు పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తప్పు నాదమ్మా. నీకు అన్నీ ముసలి పళ్ళే చూపించేను" అన్నారు. "ఆ ఊళ్ళో పిల్లలున్నారా?"

"ఆయ్, ఉన్నారండి."

"నవ్వుతారా?"

ఏమో, చూడలేదన్నాను.

"అయితే రేపెళ్ళి చూడు. ఏడెనిమిదేళ్ళ వాళ్ళని చూడు. చూసేక రావాలనిపిస్తే వచ్చెయ్యి, నేను మీ అమ్మకి చెప్తాను."

మా హాస్టల్ వెనక చిన్న దిబ్బ ఉంది. పిల్లలు రేకుల మీద, అట్టముక్కల మీద కూర్చుని మంచులో జారుతూ ఉంటారు. మర్నాడు వెళ్ళి అక్కడ నిలబడ్డాను. జారేటప్పుడు ఒక్కడికీ నోరు మూతపడదు. కేకలు, నవ్వులు. చిగుళ్ళలోంచి సగం దిగిన పళ్ళు, కొత్తవి, అంచుకి రంపానికున్నట్టు మూడు చిన్న బుడిపెలు. ఇన్నేళ్ళు పళ్ళ మధ్య పెరిగినా ఆ బుడిపెలు నేనెప్పుడూ పట్టించుకోలేదు. రోజూ వెళ్ళాను. ముందు పళ్ళు రెండూ ఊడిన ఎర్ర టోపీ పిల్ల ఒకతి నన్ను తన రేకు మీద ఎక్కించుకుంది. ఇద్దరం బోర్లా పడ్డాం. ఈ ఊళ్ళో నేను నవ్వడం అదే మొదలు.

రెండోసారి టీచరమ్మ నా పన్నుని దీపం కింద పెట్టి, దీనికి ఏడేళ్ళు అన్నారు. ఆ మాట చెబితే మావయ్యగారు, "నాకు ఒకటే వచ్చమ్మా, నీకిప్పుడు రెండూ వచ్చేయి" అన్నారు. నేను గంతులేస్తూ ఏవేవో వాగాను. అసలు చెప్పవలసిన మాట మాత్రం, ఇదుగో, మిగిలిపోయింది.

ఇవాళ క్లాసు అయ్యాక దిబ్బ దగ్గరికి వెళ్ళాను. అమలాపురంలో ఈపాటికి అన్నీ అయిపోయి ఉంటాయి. ఆయన బల్ల ముందు కూర్చున్న వాళ్ళంతా ఎవరో ఒకరి పేరు పిలిచారు. నా వంతు ఎప్పుడూ రాలేదు. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. అయినా గట్టిగా, "మావయ్యగారూ" అని పిలిచాను. ఎక్కడా గాలి పోలేదు, బాగానే పలికింది. దిబ్బ మీద ఎర్ర టోపీ పిల్ల తననే పిలిచాననుకుందేమో, రేకు ఈడ్చుకుంటూ నా వైపు తిరిగి నవ్వింది. పోయిన చలికాలం ఖాళీగా ఉన్న చోట రెండు పళ్ళు వచ్చాయి, అంచుల్లో బుడిపెలతో, ఇంకా ఏమీ అరగకుండా.