గుమ్మడి తోటలో గొడ్డుపూలు

ఉదయం ఆరూ నలభైకి మదనపల్లె బస్టాండులో పలమనేరు బస్సెక్కాం. నాతో వచ్చినవాడు మా వీధి రెడ్డెప్ప. అతని చేతిలో ఒక ఖాళీ సంచి. కుప్పం దగ్గరి పల్లెలో కాపురముంటున్న కూతురు భాగ్యను, ఆమె చీరలు ఆ సంచిలో సర్దించి, వెనక్కి తెచ్చుకోవాలి. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు లేరు. అది చాలదన్నట్టు ఈసారి అత్తగారింటి గుమ్మడితోటలో పిందె నిలవడం లేదు. మొదటిదాని వల్లే రెండోది జరిగిందని అత్త గంగులమ్మ తేల్చింది. గొడ్రాలి నీడ పడితే తోట కాయదట. "వచ్చి పిలుచుకోని పోండి" అని ఫోను చేసింది. భాగ్య పదో తరగతిలో నా దగ్గర జీవశాస్త్రం చదివిన పిల్ల. నేను నలభై ఏళ్లు పాఠాలు చెప్పీ, వ్యాసాలు రాసీ కనిపెట్టలేని సూత్రాన్ని కనిపెట్టిన ఆ ఇంటిని చూడాలని నేనూ బయలుదేరాను.

ఈ దారిన వెళ్లేవారు ఎడమవైపు కూర్చుంటే ఎండ తగులుతుంది. మేము అక్కడే కూర్చున్నాం. వెనక సీటులో ఒక నర్సరీ ఆయన మామిడి అంట్ల కట్టను కాళ్ల మధ్య పెట్టుకుని ఉన్నాడు. అన్నీ తోతాపురివేనా అని అడిగాను.

"అన్నీ ఒక సెట్టు కొమ్మలే సార్. టెంక నాటితే ఏం కాస్తాదో సెప్పలేము. దానికి తండ్రెవరో మనకేం తెలుసు?"

తల్లి కొమ్మను కోసి ఇంకో మొక్క మొదలుకు కట్టేస్తే చాలు, తల్లే మళ్లీ పుడుతుంది. పూత అక్కర్లేదు, పుప్పొడి అక్కర్లేదు. వంశం, గోత్రం, రక్తశుద్ధి అని జాతకాలు పట్టుకు తిరిగే మన పెద్దలకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. పెళ్లిచూపుల ఖర్చు కూడా మిగులుతుంది. ఎటొచ్చీ ఒక తెగులొస్తే తోటంతా ఒకేసారి పోతుంది. ఆ మాట పెద్దలకు చెబితే నచ్చదు.

ఎనిమిదికి పుంగనూరు. పావుగంట ఆగుతుందన్నారు. మూడు ఇడ్లీలు, కారం చట్నీ తిన్నాం. ఇడ్లీ మెత్తగానే ఉంది. ఎదురుగా సంతానానికీ, పంటకూ, కోర్టు కేసుకూ ఒకే తాయెత్తు ఇస్తామని బోర్డు. గంగులమ్మ తన తోటకు తెచ్చి కట్టింది ఇక్కడి తాయెత్తే. రెడ్డెప్ప ఆ బోర్డును ఎగాదిగా చూసి, "పోయి ఒక మాట అడిగేదా అన్నా?" అన్నాడు. అడిగి మీ బిడ్డ నీడను ఎంత పొడుగుకు కత్తిరించాలో కనుక్కో అన్నాను. అతను నవ్వలేదు. సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు. నా ఎగతాళికి నాకే సిగ్గేసింది.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా పదకొండున్నరకు కుప్పం చేరాం. దారంతా మల్బరీ మళ్లు. జానెడు కట్టెలు గుచ్చితే చిగురించిన తోటలవి. అక్కడినుంచి షేర్ ఆటోలో పల్లెకు పోయాం.

గంగులమ్మ మజ్జిగ ఇచ్చి, ఆదరించి, ఆ తర్వాతే కోడలి మీద చెప్పడం మొదలుపెట్టింది. పశువుల కొట్టం దగ్గర గంపనిండా పసుపుపచ్చని గుమ్మడిపూలు ఉన్నాయి. ఇవేమిటని అడిగితే గొడ్డుపూలంది. పొడుగు కాడతో పూసి, కింద పిందె లేకుండా ఊరికే సారం తాగే పూలట. రోజూ తెల్లారగానే గిల్లి ఆవుకు వేస్తోంది. ఈ ఇంట్లో ఇన్నాళ్లూ టమోటా వేశారు. టమోటాకు పనికిరాని పక్క చిగుళ్లు గిల్లడం అలవాటైన చేయి గుమ్మడినీ వదల్లేదు. టమోటాలో ఆడా మగా ఒకే పూవులో ఉంటాయి. గుమ్మడిలో వేరువేరుగా ఉంటాయి. ఆమె గిల్లి పారేస్తున్నవి మగపూలు. వాటి పుప్పొడిని తేనెటీగ మోసుకొస్తేనే ఆడపూవు కింది పిందె నిలుస్తుంది. లేకపోతే పసుపెక్కి రాలిపోతుంది.

ఇది వివరించి, గెలిచినవాడిలా గడ్డం సవరించుకున్నాను. ఆమె నన్ను తోటకు రమ్మంది. తోట మూలనున్న మోటారు గదికి ఎర్రదారంతో తాయెత్తు వేలాడుతోంది. దాని చుట్టూ నాలుగు పాదుల కింద, తలంత కాయలు. మిగతా తోట బోడిగా ఉంది.

"సూడు సార్. తాయెత్తు కట్టిన కాడ కాసుండాది. దీనికేమంటావు?"

నేను వంగి ఒక కాయను తట్టి చూశాను, నిజమైన కాయే. హేతువాదికి అంతకన్నా ఇబ్బంది ఇంకేముంటుంది.

అత్త కట్టడి చేసినట్టు తోటలో కాలు పెట్టకుండా గట్టు మీదే నిలబడిన భాగ్య అప్పుడు నోరు విప్పింది.

"అత్తా, తాయెత్తు కాడ పూలు గిల్లితే పాపమని నువ్వు ఆ నాలుగు పాదులు ముట్టలేదు కదా. ఆ గొడ్డుపూలు అట్లే ఉండాయి."

గంగులమ్మ వంగి చూసింది. ఎండకు ముడుచుకుంటున్న పొడుగు కాడల పూలు, లోపల పుప్పొడి పూసుకుని దొర్లుతున్న తేనెటీగలు.

"ఇంకో మాట. మోటారు ఆన్ చేసేదానికి రోజుకు రెండు తూర్లు నేను గట్టెంబడి ఆడికే వస్తాండాను. నా నీడ పడేది ఆ పాదుల మీదనే."

నేను నలభై ఏళ్లలో చెప్పలేనిది ఆ పిల్ల రెండు మాటల్లో చెప్పింది. అది చాలదని కాబోలు, మూడోది కూడా అంది.

"పిందె రాలితే ఆడపూవును తిడితిరి. ఇంట్లోనూ అంతే. అన్ని పరీక్షలూ నాకే చేయిస్తిరి. ఈయన ఒక్క తూరి ఆస్పత్రి గడప తొక్కలేదు."

ఈయన, అంటే భర్త నాగరాజు, మోటారు పైపును చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

రెండున్నరకు తిరుగు ప్రయాణం. భాగ్యను పంపించే మాట గంగులమ్మ ఎత్తలేదు. భాగ్యే తానుగా వస్తానంది, మొగుడితో, మదనపల్లె ఆస్పత్రికి. గంగులమ్మ నన్ను పక్కకు పిలిచి, పుంగనూరులో ఇంకో మూడు తాయెత్తులు కొని భాగ్య చేతికిమ్మంది. తోటకు నాలుగు మూలలూ కట్టిస్తే ఎవరి చెయ్యీ పూలమీదికి పోదట; అంతదాకా తానూ ముట్టనంది. సైన్సు మీద నమ్మకం లేదుగానీ తాయెత్తు మీద భయం గట్టిది. వృక్షశాస్త్రానికి ఇంత పనికొచ్చే సాధనాన్ని నేను ఇన్నేళ్లూ ఖండిస్తూ వచ్చాను.

సాయంత్రం ఆరుకు పుంగనూరులో దిగి, బతుకులో మొదటిసారి మూడు తాయెత్తులు కొన్నాను. ఎవరూ చూడకూడదని అటూ ఇటూ చూశాను కూడా.

బస్సులో నాగరాజు సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కూతురి చీరల కోసం రెడ్డెప్ప తెచ్చిన సంచి. ఇప్పుడందులో అల్లుడి రెండు జతల బట్టలున్నాయి. నా చేతిలోని పొట్లం చూసి అతను మెల్లగా అడిగాడు, "నేనూ ఒకటి కట్టుకునేదా సార్?"

నేను నోరు తెరిచేలోగా ముందు సీటులోంచి భాగ్య అంది, "ముందు పరీక్ష. తర్వాత ఎన్నైనా కట్టుకో."

రెడ్డెప్ప పొద్దున్నుంచి మొదటిసారి నవ్వాడు.