దూరమా, దారమా

ఆళ్లగడ్డ బజారులో జనార్దనం శెట్టి బట్టలంగడికి ఒక పేరుంది. గడప తొక్కిన మనిషి నోరు తెరవకముందే, వాళ్లకేం కావాలో ఆయన చెప్పేస్తాడని. చెప్పులు విడిచే తీరు చూసి పెళ్లి బట్టలకు వచ్చారో, కర్మంతరం బట్టలకు వచ్చారో పట్టేసేవాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. పొద్దున్నే అమ్మవారిశాలకు పోయి వాసవీమాతకు దండం పెట్టుకోనిదే అంగడి తాళం తీసేవాడు కాదు.

"నాదేముందప్పా, అమ్మ చూపిస్తాంది, నేను చెప్తాండా," అనేవాడు. అనేటప్పుడు మాత్రం మీసం కింద ఒక నవ్వు మెదిలేది. తెలివి ఎవరిదో ఆ నవ్వుకు తెలుసు.

అట్లాంటి మనిషికి, పదకొండేళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న సుకన్య మీద అనుమానం పుట్టింది.

సుకన్యకు ముప్పై అయిదేళ్లుంటాయి. మొగుడు పోయాక, అత్త రాములమ్మ, తాను, ఇద్దరే ఆ ఇంట్లో. ఇద్దరికీ ఈ అంగడి జీతమే ఆధారం. ముసలివాళ్లు వస్తే అడగకుండానే స్టూలు వేసి, మంచినీళ్లు చేతికిచ్చి, తర్వాతే చీరలు దించే మనిషి. చంటిపిల్లల తల్లులు వస్తే బిడ్డను తాను ఎత్తుకుని, "నువ్వు నిమ్మళంగా చూసుకోమ్మా," అనేది. ఆమె కోసమే వచ్చే గిరాకీ సగం ఉందని జనార్దనానికి తెలుసు. అనుమానానికి బలం ఇచ్చింది కూడా అదే.

మొదట చిన్నచిన్నవే. వెనక నుంచి పిలిస్తే పలకదు. ఇదివరకు సగం పేరుకే పరుగెత్తుకొచ్చేది. ఇప్పుడు రెండుసార్లు పిలిచినా చీర మడత మీదే ధ్యాస. ఎదురుగా నిలబడి మాట్లాడితేనేమో మొహంలో మొహం పెట్టి చూస్తుంది. ముందు తల వంచుకుని వినే మనిషి, ఇప్పుడు కళ్లెత్తి సూటిగా పెదవుల వైపు చూస్తుంది. 'ఏందీ పొగరు?' అనుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగింది. "ఏమన్నా, ఈ నడుమ రాళ్లు కొట్టేది తగ్గించినారా?"

జనార్దనం తెల్లబోయాడు. రాతి విగ్రహాలు చెక్కే ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు ఎప్పుడు తగ్గింది? వెనక వీధిలో పొద్దున్నుంచీ టంగు టంగుమని నాలుగు ఉలులు మోగుతూనే ఉన్నాయి. 'ఒళ్లు ఈడ ఉంది గానీ మనసు ఈడ లేదు,' అనుకున్నాడు.

తర్వాత ఒక చిన్న పుస్తకం కంటబడింది. అరచేతిలో ఇమిడేది. గిరాకీ పోగానే సుకన్య అందులో ఏదో రాసుకుంటుంది. ఆయన దగ్గరికి వస్తే గబుక్కున కొంగు చాటున దాచేస్తుంది.

ఇక మంగళవారాలు. మంగళవారం కొత్త బట్టలు కొనేవాళ్లు తక్కువ కాబట్టి ఆమె సగం పూట సెలవడిగేది. మంచి చీర కట్టుకుని, చేతిలో సంచితో, నంద్యాల బస్సు ఎక్కేది. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చి, పరిచిన బట్టలన్నీ మడతపెట్టి ఇంటికి పోయేది. అట్లా ఎనిమిది మంగళవారాలు.

ఎక్కడికని అడగొచ్చు కదా అంటారేమో. బయలుదేరిన మనిషిని 'యాడికి' అని అడిగితే పోయే పని చెడుతుంది. ఆ మాట అన్నందుకు చిన్నప్పుడు జనార్దనం వీపు మీద తల్లి ఒకటి వేసింది కూడా. అందుకే పెద్దలు దానికి బదులు ఇంకో మాట పెట్టారు. 'దూరమా?' అంటారు. చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు, వద్దనుకున్నవాళ్లు 'దగ్గరే' అని నవ్వి పోతారు. జనార్దనం ఆ మాట కూడా అడగలేదు. ఆ ప్రశ్నకు అబద్ధం ఎట్లా చెప్పాలో ఆయనకు బాగా తెలుసు కాబట్టి.

ముప్పై ఏళ్ల కిందట ఆయన నంద్యాలలో శ్రీహరి శెట్టి అంగడిలో గుమాస్తా. తొమ్మిదేళ్లు కొడుకులా పెరిగాడు. చివరి ఏడాది, ఏ ఊరివాళ్లకు ఏ రంగు, ఏ అంచు ఇష్టమో చిన్న పుస్తకంలో ఎక్కించుకున్నాడు. అహోబిలం దర్శనమని చెప్పి, వారానికొకసారి ఆళ్లగడ్డ వచ్చి అంగడికి చోటు చూసుకున్నాడు. ఒకరోజు బస్సుకు బయలుదేరుతుంటే శ్రీహరి శెట్టి అడిగాడు. "దూరమా, నాయనా?"

"దగ్గరేనండీ," అన్నాడు జనార్దనం. ఆయన పెరుగన్నం పొట్లం చేతిలో పెట్టి పంపాడు. నెల తిరక్కుండా ఆళ్లగడ్డలో ఈ అంగడి తెరుచుకుంది. నంద్యాల గిరాకీ కొంత ఇటు మళ్లింది. శ్రీహరి శెట్టి పోయేవరకూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే జనార్దనం గుండెలో ముల్లు.

చిన్న పుస్తకం, వారానికొక ప్రయాణం, చూపులో మార్పు. ఈ కథ ఆయనకు కొత్త కాదు. తాను నడిచిన కథే. అందులో తన పేరు తీసి సుకన్య పేరు పెట్టుకుంటే చాలు, అంచుకు అంచు కలిసిపోయింది.

దాని మీద రుద్రవరం రామసుబ్బమ్మ వచ్చి పడింది. ఆ అంగడికి ఇరవై ఏళ్ల గిరాకీ, నోటికి గొళ్లెం లేని ముసలామె.

"ఏం శెట్టీ, నీ సుకన్య నంద్యాలలో పని కుదుర్చుకునిందా ఏంది?"

"ఎవరు చెప్పినారమ్మా?"

"చెప్పేదేంది, నా కండ్లతో చూస్తి. కొత్తగా పెట్టినారే, అద్దాల బట్టలంగడి, ఆ మెట్లు దిగుతాంటే చూస్తి. 'ఏమే సుకన్యా' అని అరిస్తి. వినపడనట్టు పోయ. పెద్దంగడి గాలి తగిలిందేమోలే, మనం యాడ కనపడతాం!"

ఆ రాత్రి అన్నం దగ్గర జనార్దనం తన అనుమానమంతా చెప్పుకొచ్చాడు. భార్య సులోచన మజ్జిగ పోస్తూ అంతా విన్నది.

"ఆ పిల్ల అట్లాంటిది కాదండీ."

"నీకేం తెలుసు? మనిషిని చూస్తే చెప్పేస్తా నేను."

"చీర చెప్తారు, మనిషిని యాడ చెప్తారు? కామెర్లోనికి లోకమంతా పచ్చగుంటదంట. మీరు నంద్యాలలో చేసొచ్చిన పని ఆమె నెత్తిన పెడ్తాండారు."

"శ్రావణం వస్తాంది. పెండ్లిండ్ల గిరాకీ అంతా వెంటబెట్టుకుని పోతే అంగడి మూసుకోవాల్సిందే. అంతకుముందే నేనే మానిపిస్తా."

"మానిపించండి. ఆమెతోబాటు రాములమ్మ ముద్దను గూడా," అని సులోచన గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

మంగళవారం వచ్చింది. సుకన్య సంచి భుజానికి తగిలించుకుని, "వస్తానన్నా," అని గడప దాటింది. బయట లారీ ఒకటి హారన్ మోగిస్తూ పోతోంది. జనార్దనం గల్లాపెట్టె దగ్గర తల వంచుకునే ఉన్నాడు. ఎనిమిది వారాలు నోట్లో అణచిపెట్టుకున్న మాట ఆనాడు జారింది.

"దూరమా?"

సుకన్య ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరిగి నవ్వింది. "ఆ, సరేనన్నా. తెస్తాలే."

తెస్తుందట! ఏం తెస్తుంది? అడిగిన దానికీ చెప్పినదానికీ పొంతన లేదు. తాను కనీసం 'దగ్గరే' అని మర్యాదగా అబద్ధమాడాడు. ఈమె ఎగతాళి చేసి పోతోంది. ఆ సాయంత్రమే తేల్చేయాలనుకున్నాడు. మధ్యాహ్నమంతా ఆ మాటను లోపలే వల్లెవేసుకున్నాడు. అయినా, పదకొండేళ్లు అన్నా అని పిలిచిన మనిషి మొహం చూసి అనడం చేతకాలేదు. ఆమె వచ్చి గడపలో చెప్పులు విడిచిన అలికిడి వినగానే, అలమరా వైపు తిరిగి, తువ్వాళ్లు సర్దుతున్నట్టు నిలబడి అనేశాడు.

"వచ్చే నెల్నుంచి నువ్వు పనికి రావొద్దులేమ్మా. వేరే మనిషిని చూసుకుంటాండా."

"సరే అన్నా," అంది సుకన్య.

అంతే. ఏడుపు లేదు, ఎందుకన్న ప్రశ్న లేదు. ఆయన చేతిలో తువ్వాలు అట్లాగే ఆగిపోయింది. అనుకున్నదంతా నిజమేనన్నమాట. ముందే సిద్ధపడి ఉంది! తిరిగి చూసేసరికి సుకన్య సంచిలోంచి అట్టపెట్టె తీసి గల్లాపెట్టె మీద పెడుతోంది.

"ఇదోన్నా, మీరడిగిన దారం. ఏ రంగో చెప్పకపోతిరి. అందుకే అన్ని రంగులూ తెస్తి."

పెట్టె నిండా దారపు రీళ్లు. ఎరుపు, చిలకపచ్చ, వంకాయరంగు.

"దారమా? నేనెప్పుడడిగితి?"

"బస్సుకు పోతాంటే. 'దారమా' అంటిరి కదన్నా."

దూరమా. దారమా. జనార్దనం ఆమె ఎదుటే ఆ రెండు మాటలనూ పైకి పలికి చూశాడు. ఒక్క గుణింతం తేడా.

"ఇప్పుడేమంటి నేను?"

సుకన్య కళ్లు ఆయన పెదవుల మీద నిలిచాయి. "ఇప్పుడా... షట్టర్ తొందరగా దించుతానంటిరి కదా. ప్రతి మంగళవారం ఈ టయానికి అదే అంటారు కదన్నా."

ఆమె రీళ్లు వరుసగా పేర్చడంలో పడింది. జనార్దనం మెల్లగా ఆమె వెనక్కి పోయి నిలబడ్డాడు.

"సుకన్యా, కాళ్లకాడ తేలు!"

సుకన్య వంకాయరంగు రీలును చిలకపచ్చ పక్కన పెట్టింది. తర్వాత ఎరుపు తీసుకుంది.

వెనక వీధిలో ఉలి మోగుతూనే ఉంది. అది ఈమెకు ఎన్నాళ్లుగా వినపడటంలేదో! జనార్దనం చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, దీపం వెలుగు తన మొహం మీద పడేట్టు నిలబడ్డాడు.

"ఎన్నాళ్లనుంచమ్మా?"

ఆమెకు అర్థమైంది. మొహం పాలిపోయింది.

"ఏడాది కావస్తాందన్నా. కుడిపక్క చెవి పూర్తిగా పాయ. ఎడమపక్క సగం. చెవిటిదని తెలిస్తే గిరాకీ ముందర నిలబెట్టుకుంటారా? అందుకే చెప్పలే. నంద్యాలలో ఆ అద్దాల బట్టలంగడి మింద, మూడో అంతస్తులో, సంధ్య అని చెవి డాక్టరమ్మ ఉండాది. చెవి మిషన్ ఆడే పెట్టి చూసి వారం వారం సరిచేస్తాంది, ఇంకా నా చేతికియ్యలే. పెదాలు చూసి మాట పట్టేది గూడా నేర్పిస్తాంది."

"మరి ఆ పుస్తకం?"

సుకన్య సంకోచంగా తీసి ఇచ్చింది. జనార్దనం కళ్లద్దాలు సవరించుకున్నాడు.

'రుద్రవరం రామసుబ్బమ్మ: ముందు ఎండ గురించి అంటాది. తర్వాత కోడల్ని తిడ్తాది. తర్వాతే చీర. ముదురు రంగు, పెద్దంచు.' పేజీ పేజీకీ అట్లాగే. ఎవరు ఏ మాటతో మొదలుపెడతారు, దాని తర్వాత ఏమంటారు.

"డాక్టరమ్మ చెప్పిందన్నా. చెవి సగమే తెస్తాదంట, తక్కింది మెదడే అల్లుకుంటాదంట. ఎవరు ఏమంటారో ముందే తెలిస్తే అల్లుకునేది సులువంట. మంచి చెవులున్నోళ్లు గూడా అంతేనంట, సగం విని సగం అల్లుకుంటారంట. వాళ్లకు ఆ సంగతి తెలీదు, అంతే."

జనార్దనం పేజీ తిప్పాడు. అక్కడ తన పేరే ఉంది.

'అన్న: పొద్దున రాగానే "దీపం పెట్టినావా" అంటాడు. కోపమొస్తే కండ్లద్దాలు తీస్తాడు. అప్పుడు పెదాలు బాగా చూడాల. మంచోడు. నేను పోయేటప్పుడు ఏమీ అడగడు.'

ఊరందరినీ చదివేవాణ్ని అనుకున్న మనిషిని, ఒక చెవిటి ఆడమనిషి నాలుగు ముక్కల్లో చదివి పెట్టుకుంది. ఆమె చదివింది పెదవులను, ఆయన చదివింది తన పాత పుస్తకాన్ని.

"ఎప్పుడూ అడగరు కదన్నా, అందుకే దూరమా అని తోచలే. అంగట్లో దారమే కదా అడుగుతారు అనుకుంటి." ఆగి, బెరుగ్గా అంది. "ఇందాక నిజంగా ఏమంటిరన్నా? అల్మరా పక్కకు తిరిగి?"

జనార్దనం ఆమె మొహం చూశాడు.

"షట్టరేనమ్మా. నువ్వనుకున్నదే."

జీవితంలో ఆయన ఆడిన పెద్ద అబద్ధాలు రెండే. మొదటిదానికి ముప్పై ఏళ్లు కుమిలాడు. రెండోదానికి, మర్నాడు అమ్మవారిశాలలో దండం పెట్టుకునేటప్పుడు కూడా మన్నింపు అడగలేదు.

ఆ బుధవారమే, చీరలు కట్టి చూసుకునే నిలువుటద్దాన్ని మూల నుంచి తీయించి సుకన్య నిలబడే చోటుకు ఎదురుగా పెట్టించాడు. వెనక ఎవరు మాట్లాడినా ఆమెకు అందులో కనపడుతుంది. రామసుబ్బమ్మ వచ్చి, "ఏం శెట్టీ, అద్దం ఈడికొచ్చ?" అంటే, "వాస్తు కోసమమ్మా," అన్నాడు.

మళ్లీ మంగళవారం వచ్చింది. సుకన్య సంచి తగిలించుకుంది. ఆయన గల్లాపెట్టె వదిలి లేచి గడప దాకా వచ్చాడు. ఆమెకు ఎదురుగా, ఎండ తన మొహాన పడేట్టు నిలబడి, ఒక్కొక్క అక్షరం విడదీసి అడిగాడు.

"దూ... రమా?"

"దగ్గరేనన్నా," అంది సుకన్య. నవ్వి, "నంద్యాల," అని కలిపింది.

బస్సు కదిలేదాకా జనార్దనం చూస్తూ నిలబడ్డాడు. ఈసారి సంచి కొంచెం లావుగా ఉందే, అందులో ఏముందో అని మనసు దాని అలవాటు ప్రకారం అల్లడం మొదలుపెట్టింది. దాన్ని అక్కడే ఆపి, లోపలికొచ్చి, పెరుగన్నం గిన్నె కోసం బల్ల కింద వెతికాడు. సులోచన పొద్దున తెచ్చిపెట్టింది. అక్కడ లేదు. ఒకనాడు శ్రీహరి శెట్టి తన చేతిలో పెట్టినట్టే, సులోచన దాన్ని సుకన్య సంచిలో పెట్టి పంపినట్టుంది.